సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనల చలనచిత్ర అనుసరణ

లేని లోకాలను ఊహించి రాసిన నవలలు, కథలు, కామిక్స్ ఆధారంగా సినిమాలు తీయడం చలనచిత్ర కళ తొలి దశాబ్దంలోనే మొదలైంది. జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్, మేరీ షెల్లీ, టోల్కిన్, ఫ్రాంక్ హెర్బర్ట్, ఫిలిప్ కె. డిక్ వంటి రచయితల పుస్తకాలు, అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్, జపాన్ మాంగా ఈ అనుసరణలకు ప్రధాన వనరులు. సాంఘిక నవలను తెరకెక్కించేవారికి ఎదురుకాని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. వీధి అరుగు, రైలుపెట్టె ఎలా ఉంటాయో ప్రేక్షకుడికి ముందే తెలుసు. పరగ్రహ జీవి నడక ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. రచయిత నాలుగు మాటల్లో సూచించి మిగతాది పాఠకుడి ఊహకు వదిలేస్తాడు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. రంగు, పరిమాణం, గొంతు, కదలిక అన్నీ ఎవరో ఒకరు ముందే తేల్చాలి. ఆ తేల్చడంలో సాహిత్య విమర్శ కంటే ఆనాటి పనిముట్లు, సినిమా నిడివి, చేతిలో ఉన్న డబ్బు, హక్కుల ఒప్పందాలు ఎక్కువ పాత్ర వహించాయి. అలా అవసరం కొద్దీ చేసిన మార్పులే తరవాత జనం మనసులో మూలకథగా స్థిరపడటం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

మూకీలు, తొలి టాకీలు

ఫ్రెంచి దర్శకుడు జార్జ్ మెలియే 1902లో తీసిన ‘చంద్రలోక యాత్ర’ పావుగంట కూడా లేని సినిమా. మనుషులను గుండులో కూర్చోబెట్టి ఫిరంగితో చంద్రుడి మీదికి పేల్చడం వెర్న్ 1865 నాటి నవలలోది. చంద్రుడి లోపల బతికే కీటకాల్లాంటి జీవులు వెల్స్ 1901లో ప్రచురించిన నవలలోవి. వెర్న్ యాత్రికులు చంద్రుడి మీద కాలు పెట్టరు, చుట్టి వెనక్కి వచ్చేస్తారు. మెలియే రంగస్థల ఇంద్రజాలికుడు. ఆయనకు కావలసింది చంద్రుడి మీద దిగాక చూపించే గారడీ. అందుకని ఒక పుస్తకం నుంచి ప్రయాణాన్ని, మరో పుస్తకం నుంచి గమ్యాన్ని తీసుకున్నాడు.

వెర్న్ సముద్రగర్భ నవల 1916లో అమెరికాలో సినిమా అయినప్పుడు విలియంసన్ సోదరులు తమ తండ్రి రూపొందించిన గొట్టం సాయంతో బహామాస్ సముద్రంలో నీటి అడుగున చిత్రీకరించారు. కోనన్ డాయిల్ ‘ది లాస్ట్ వరల్డ్’ 1925లో తెరకెక్కింది. విల్లిస్ ఓబ్రయన్ డైనోసార్ బొమ్మలను ఒక్కో ఫ్రేముకు కొద్దికొద్దిగా కదుపుతూ వాటికి ప్రాణం పోశాడు. ఈ రెండు సినిమాల్లోనూ కథ నడక చాలావరకు ఆ చిత్రీకరణ పద్ధతి చుట్టూ అల్లుకున్నదే.

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ నవలను అనుమతి లేకుండా, పేర్లు మార్చి, 1922లో జర్మనీలో ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ ‘నోస్ఫెరాటు’గా తీశాడు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ ధ్వంసం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. అప్పటికే విదేశాలకు వెళ్లిన ప్రతుల వల్ల సినిమా బతికింది. స్టోకర్ నవలలో డ్రాకులా పగటిపూట కూడా తిరుగుతాడు, అప్పుడు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. సూర్యకాంతి తగిలితే రక్తపిశాచి నశిస్తుందన్నది మూర్నౌ సినిమా కల్పన. తరవాతి వందేళ్లలో వచ్చిన పిశాచ కథల్లో అధికభాగం నవలను వదిలి, నిషేధానికి గురైన ఈ సినిమానే అనుసరించాయి.

మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ విషయంలో తేడా ఇంకా పెద్దది. నవలలోని జీవి మాటకారి, మిల్టన్‌ను చదువుకున్నవాడు, తన సృష్టికర్తను తర్కంతో నిలదీస్తాడు. ఒక రంగస్థల నాటకం మీదుగా 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో వాడికి మాటలే లేవు. చదునైన నెత్తి, మెడకు ఇరుపక్కలా లోహపు ముక్కలు మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ చేతి పని. షెల్లీ ఒక నిప్పురవ్వ అని సూచించి ఊరుకున్న చోట సినిమా ప్రయోగశాలలో మెరుపులు కురిపించింది. మాట తీసేసినందువల్ల నష్టపోయింది చిన్న విషయం కాదు. ఆ జీవి వాదనే నవలకు ఆయువుపట్టు. అయినా బోరిస్ కార్లోఫ్ కళ్లతో, చేతులతో పలికించిన దైన్యం ఆ లోటును కొంత పూడ్చిందని ఒప్పుకోవాలి.

ఎల్. ఫ్రాంక్ బామ్ 1900 నాటి పిల్లల పుస్తకంలో డొరతీ వేసుకునేవి వెండి చెప్పులు. 1939లో ‘ది విజార్డ్ ఆఫ్ ఆజ్’ తీసినప్పుడు టెక్నికలర్‌లో కళ్లకు కొట్టొచ్చినట్టు కనపడాలని వాటిని కెంపు చెప్పులు చేశారు. బామ్ రాసిన ఆజ్ నిజమైన దేశం. సినిమా దాన్ని కలగా మార్చింది. ఫాంటసీ కథను పెద్దలు నమ్మరన్న భయం అప్పటి స్టూడియోలకు ఎంతగా ఉండేదో ఈ మార్పు చెబుతుంది.

సినిమా వెంట నడిచిన పుస్తకాలు

పియర్ బూల్ 1963లో రాసిన ఫ్రెంచి నవలలో కోతులు కార్లు నడుపుతాయి, ఆధునిక నగరాల్లో బతుకుతాయి. అలాంటి నగరం కట్టడం చాలా ఖర్చు. అందుకని 1968 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ సినిమాలో కోతులు రాతి గుహల్లాంటి పల్లెలో కాపురం పెట్టాయి. ఇసుకలో కూరుకుపోయిన స్వేచ్ఛా విగ్రహం కనిపించే ప్రఖ్యాత ముగింపు నవలలో లేదు. ఈ కథ పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది ఆ విగ్రహమే.

అదే ఏడాది వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ మామూలు అనుసరణ కాదు. ఆర్థర్ సి. క్లార్క్ రాసిన ‘ది సెంటినెల్’ అనే చిన్న కథను బీజంగా తీసుకుని స్టాన్లీ కుబ్రిక్, క్లార్క్ కలిసి సినిమానూ నవలనూ పక్కపక్కనే పెంచారు. నవలలో అంతరిక్ష నౌక శనిగ్రహానికి వెళ్తుంది. శని వలయాలను నమ్మదగ్గట్టుగా తెర మీద చూపించడం కుదరక సినిమాలో గురుగ్రహంతో సరిపెట్టారు. క్లార్క్ 1982లో రెండో భాగం రాసినప్పుడు తన నవలను పక్కనబెట్టి సినిమాలోని గురుగ్రహం నుంచే కథ ఎత్తుకున్నాడు. మైకేల్ క్రైటన్‌దీ ఇదే దారి. ‘జురాసిక్ పార్క్’ నవలలో గణితవేత్త ఇయాన్ మాల్కమ్ చనిపోతాడు. 1993 నాటి స్పీల్‌బర్గ్ సినిమాలో బతుకుతాడు. 1995లో వచ్చిన రెండో నవలలో క్రైటన్ అతన్ని మళ్లీ బతికించుకున్నాడు. అనుసరణ అంటే పుస్తకం ముందు, సినిమా వెనక అనుకునే లెక్క ఇలాంటి చోట్ల తారుమారవుతుంది.

అంతరంగం: ‘డ్యూన్’ కథ

ఊహాలోకాన్ని చూపడం కష్టమే. మనసులోని మాటను చూపడం అంతకంటే కష్టం. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రచురించిన ‘డ్యూన్’ ఈ సమస్యకు పెద్ద ఉదాహరణ. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు తిప్పికొట్టాక, కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరున్న చిల్టన్ సంస్థ దాన్ని అచ్చువేసింది. ఎడారి గ్రహం అరాకిస్, అక్కడ మాత్రమే దొరికే మసాలా ద్రవ్యం, దాని కోసం రాజవంశాల కుట్రలు, ఇసుక కింద తిరిగే మహా సర్పాలు కథావస్తువు. నవలలో ప్రతి సంభాషణ కింద మరో సంభాషణ నడుస్తూ ఉంటుంది. ఒక పాత్ర పైకి ఒకటి అంటూ లోపల ఎదుటివాడి కనురెప్పల కదలికను లెక్కగడుతుంది. పుస్తకం చివర అనుబంధాలు, పదకోశం కూడా ఉన్నాయి.

చిలీ దేశస్థుడు అలెహాండ్రో జొడొరోవ్‌స్కీ 1970ల మధ్యలో ఫ్రాన్స్‌లో దీన్ని తీయడానికి పూనుకున్నాడు. పది గంటలు దాటే సినిమా, సాల్వడార్ దాలీ, ఆర్సన్ వెల్స్ నటులు, పింక్ ఫ్లాయిడ్ సంగీతం ఆయన ప్రణాళిక. కామిక్స్ చిత్రకారుడు మోబియస్ సినిమా మొత్తానికీ వేలాది స్టోరీబోర్డు బొమ్మలు గీశాడు. హాలీవుడ్ స్టూడియోలు డబ్బు పెట్టలేదు. ఆ జట్టులో పనిచేసిన డాన్ ఓబానన్, హెచ్.ఆర్. గీగర్ తరవాత 1979లో ‘ఏలియన్’ సినిమాకు రచన, రూపకల్పన చేశారు. తీయని సినిమా తీసిన సినిమాల మీద ఇంత ప్రభావం చూపిన సందర్భం అరుదు.

డేవిడ్ లించ్ 1984లో తీసిన ‘డ్యూన్’ రెండు గంటల 17 నిమిషాల నిడివిలో మొత్తం నవలను కుదించబోయింది. పాత్రల ఆలోచనలను గుసగుసల నేపథ్య స్వరంగా వినిపించారు. నవలకు విధేయంగా ఉండాలన్న ప్రయత్నమే ఇక్కడ ఎదురుతిరిగింది. పాఠకుడి కంటికి ఒకేసారి అందే పైమాట, లోమాట, తెర మీద ఒకదాన్నొకటి ఆపుకుంటూ నడిచాయి. చివర్లో అరాకిస్ మీద వాన కురుస్తుంది. నీరు తగిలితే ఇసుక సర్పాలు చస్తాయని నవల చెబుతుంది కాబట్టి ఆ వాన కథ మూలాన్నే కొట్టేసింది. ఆఖరి కూర్పు మీద తనకు అధికారం లేదని లించ్ ఆ సినిమాను జీవితాంతం దూరం పెట్టాడు. టీవీ కోసం పొడిగించిన రూపం నుంచి తన పేరు తీయించుకున్నాడు.

డెనీ విల్‌నవ్ ఆ నవలనే రెండు భాగాలుగా 2021లో, 2024లో తీశాడు. నేపథ్య స్వరాన్ని దాదాపు వదిలేశాడు. చేతి సైగల భాష, చూపులు, మౌనం, జోర్డాన్‌లోని వాది రమ్ కొండల మధ్య చీమల్లా కనిపించే మనుషులు ఆ పని చేశారు. నవలలో కొన్నేళ్లు పట్టే కథ రెండో భాగంలో తొమ్మిది నెలల లోపే ముగుస్తుంది. అందువల్ల నవలలో శత్రువును చంపే నాలుగేళ్ల పసిపిల్ల ఆలియా సినిమాలో ఇంకా తల్లి కడుపులోనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు చానీ పాత్రది. నవలలో ఆమె నాయకుడు పాల్‌ను నమ్మి వెంట నడిచే ప్రియురాలు. సినిమాలో అతన్ని అవతార పురుషుడిగా కొలవడాన్ని ఎదిరించే గొంతు. తన కథానాయకుణ్ని పాఠకులు దేవుడిగా భావించడం హెర్బర్ట్‌కు ఇష్టం లేదు. 1969 నాటి రెండో నవలలో ఆ భ్రమను పగలగొట్టాడు. మొదటి పుస్తకంలో రచయిత లోపల దాచిన సందేహాన్ని సినిమా ఒక పాత్ర నోట పైకి పలికించింది. అక్షరాలా చూస్తే ఇది నవల నుంచి తప్పుకోవడం. రచయిత ఉద్దేశానికి మాత్రం దీనికంటే దగ్గరగా వచ్చిన అనుసరణ లేదు.

రష్యన్ దర్శకుడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ ఇంకా దూరం వెళ్లాడు. స్టానిస్వాఫ్ లెమ్ నవల ‘సొలారిస్’ మానవ విజ్ఞానానికి అంతుపట్టని సముద్రం గురించి. 1972 నాటి సినిమా అంతరిక్షం కంటే ముందు భూమి మీద చెరువు, నాచు, తండ్రి ఇల్లు చూపిస్తూ చాలాసేపు ఆగుతుంది. అపరాధం, స్మృతి దాని విషయాలు. లెమ్‌కు అది నచ్చలేదు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. ఆ సినిమా గొప్పతనమూ నిజమే. స్త్రుగాత్‌స్కీ సోదరుల నవలను 1979లో ‘స్టాకర్’గా తీసినప్పుడు రచయితలే స్క్రీన్‌ప్లేను మళ్లీ మళ్లీ తిరగరాశారు. నవలలోని వింత వస్తువులన్నీ రాలిపోయి, తడి గడ్డి, తుప్పు పట్టిన ఇనుము, ముగ్గురు మనుషులు మిగిలారు.

రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’ 1982 జూన్‌లో విడుదలైంది. మూల నవలా రచయిత ఫిలిప్ కె. డిక్ ఆ మార్చిలోనే మరణించాడు. నవలలోని మతం, బతికున్న జంతువుల కోసం మనుషులు పడే ఆరాటం సినిమాలో నామమాత్రం. వాటి స్థానంలో ఎడతెగని వాన, నియాన్ దీపాలు, కిక్కిరిసిన లాస్ ఏంజెలిస్ వచ్చాయి. మొదట వసూళ్లు అంతంతమాత్రం. 1992లో, 2007లో వచ్చిన కొత్త కూర్పులతో దాని పేరు పెరిగింది.

నిడివి: కోత, సాగదీత

టోల్కిన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చింది. 1958లో తన దగ్గరికి వచ్చిన ఒక స్క్రీన్‌ప్లే ప్రతిపాదనను ఆయన లేఖలో పేరాపేరాగా ఎండగట్టాడు. కుదించడాన్ని ఆయన తప్పుపట్టలేదు. అక్కర్లేని చోట యుద్ధాలు, మాయలు చొప్పించడం ఆయనకు కోపం తెప్పించింది. 1969లో హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్మాడు. 1978లో రాల్ఫ్ బాక్షీ తీసిన యానిమేషన్ సినిమా సగం కథ దగ్గర ఆగిపోయింది.

పీటర్ జాక్సన్ మొదట రెండు సినిమాలుగా అనుకున్నాడు. అప్పటి నిర్మాణ సంస్థ ఒక్కటిగా కుదించమన్నది. చేతులు మారి న్యూ లైన్ సంస్థకు వచ్చాక మూడుగా తీయమన్నారు. 1999 అక్టోబర్ నుంచి 2000 డిసెంబర్ వరకు న్యూజిలాండ్‌లో మూడు భాగాలనూ ఒకేసారి చిత్రీకరించారు. దశాబ్దాలుగా టోల్కిన్ పుస్తకాలకు బొమ్మలు వేస్తున్న అలన్ లీ, జాన్ హౌలను పిలిపించి కోటలు, నగరాలు గీయించడం జాక్సన్ చేసిన తెలివైన పని. పాఠకుల ఊహలో అప్పటికే ఉన్న రూపాలే తెర మీదికి వచ్చాయి. యుద్ధ దృశ్యాల్లో వేలమంది సైనికులు ఎవరి తీరున వాళ్లు పోరాడేలా ‘మాసివ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను దీనికోసమే తయారు చేశారు. గొల్లం పాత్రకు ఆండీ సెర్కిస్ నటన, కంప్యూటర్ బొమ్మ కలిసి ప్రాణం పోశాయి. మూడో భాగం పోటీపడిన 11 ఆస్కార్ విభాగాల్లోనూ గెలిచింది.

కోతలూ ఉన్నాయి. కథను ముందుకు నడపని అడవి పెద్దమనిషి టామ్ బొంబడిల్ మాయమయ్యాడు. మొదట్లో 17 ఏళ్ల విరామం ఎగిరిపోయింది. వీటితో పెద్ద పేచీ లేదు. చివర్లో హాబిట్లు యుద్ధం గెలిచి ఇంటికొచ్చేసరికి సొంత ఊరే పాడైపోయి ఉండటం, దాన్ని వాళ్లే మళ్లీ సరిచేసుకోవడం పుస్తకంలో ముఖ్యమైన ఘట్టం. సినిమాలో ఊరు చెక్కుచెదరకుండా ఉంటుంది. యుద్ధం ఎక్కడో దూరాన జరిగి పోదు, ఇంటికీ వస్తుందని మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన టోల్కిన్ చెప్పిన మాట దీంతో వినిపించకుండా పోయింది. మూడు సినిమాల్లో నిజంగా బాధపెట్టే లోపం ఇదొక్కటే. రచయిత కుమారుడు క్రిస్టఫర్ టోల్కిన్ ఈ సినిమాలను బహిరంగంగానే తప్పుపట్టాడు.

అదే జాక్సన్ 2012-14 మధ్య ‘ది హాబిట్’ను మూడు సినిమాలు చేశాడు. మూలం మూడువందల పేజీల పిల్లల పుస్తకం. నింపడానికి యుద్ధాలు, ప్రేమకథ, అనుబంధాల్లోని సంగతులు తెచ్చిపెట్టారు. పుస్తకంలోని తేలికైన నడక ఆ బరువు కింద నలిగింది. హ్యారీ పాటర్ ఏడు నవలలు 2001-2011 మధ్య ఎనిమిది సినిమాలయ్యాయి. ఆఖరి నవలను రెండుగా విడగొట్టడం వసూళ్లకు కలిసొచ్చింది. ట్విలైట్, హంగర్ గేమ్స్ అదే చేశాయి. డైవర్జెంట్ వరుసలో 2016 నాటి సినిమా దెబ్బతినడంతో ముగింపు సినిమా తీయనే లేదు.

ఈ రకం సాహిత్యంలో మంచి సినిమాలకు చిన్న కథలే ఎక్కువ అనువుగా ఉన్నాయి. నవలను కోయాలి, కథను పెంచాలి. పెంచే దర్శకుడికి ఊపిరి ఆడుతుంది. జాన్ కాంప్‌బెల్ 1938 నాటి కథ నుంచి 1982లో జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ వచ్చింది. డిక్ కథలు ‘టోటల్ రీకాల్’, ‘మైనారిటీ రిపోర్ట్’ అయ్యాయి. టెడ్ చియాంగ్ 1998 కథ ఆధారంగా 2016లో విల్‌నవ్ తీసిన ‘అరైవల్’ వీటిలో అగ్రస్థానంలో ఉంచదగ్గది. గ్రహాంతరవాసుల లిపి నేర్చుకున్న భాషావేత్తకు కాలం ముందువెనకలు లేకుండా ఒక్కసారిగా కనిపించడం కథలోని ఊహ. కథ దాన్ని క్రియల కాలాలను మార్చి సాధించింది. సినిమా కూర్పును వాడుకుంది. ప్రేక్షకుడు గతం అనుకుని చూసిన దృశ్యాలు భవిష్యత్తువని తేలుతాయి. ఒక కళకు సహజమైన పనిముట్టుకు దీటుగా మరో కళలో ఏముందో వెతకడం ఇక్కడ పూర్తిగా ఫలించింది.

కామిక్స్

కామిక్స్‌లో బొమ్మ ముందే ఉంటుంది కాబట్టి పని సులువనిపిస్తుంది. గీతలో నప్పే బిగుతు దుస్తులు, విరిచిన దేహాలు, గాలిలో ఆగిపోయిన గుద్దు నిజమైన మనిషి మీద నప్పవు. 1938లో మొదలైనప్పుడు సూపర్‌మన్ ఎగరడు, పెద్ద పెద్ద గెంతులు వేస్తాడు. 1940ల మొదట్లో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లలో గెంతులు బాగా కనిపించకపోవడంతో ఎగరడం స్థిరపడింది. 1948 సీరియల్‌లో నటుడు ఎగరాల్సిన ప్రతిసారీ అతని స్థానంలో కార్టూన్ బొమ్మ వచ్చేది. 1978లో రిచర్డ్ డానర్ సినిమాతో క్రిస్టఫర్ రీవ్ ఎగరడాన్ని ప్రేక్షకులు నమ్మారు. అందులో తీగలు, ఫ్రంట్ ప్రొజెక్షన్ ఎంత పనిచేశాయో, రీవ్ దేహభాష అంత పనిచేసింది. అదే మనిషి భుజాలు కుంగదీసి క్లార్క్ కెంట్‌గా, నిటారుగా నిలబడి సూపర్‌మన్‌గా మారిపోయాడు.

ఆ పాత్రను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ ధారాదత్తం చేశారు. సినిమా నిర్మాణానికి సన్నాహాలు సాగుతుండగా, 1975లో పత్రికల్లో గొడవయ్యాక వార్నర్ సంస్థ వాళ్లకు ఏటా చెరో 20,000 డాలర్లు ఇవ్వడానికి, పేర్లు వేయడానికి ఒప్పుకుంది.

మార్వెల్ కథ ఇంకో రకం. 1996లో దివాలా పిటిషన్ వేసిన ఆ సంస్థ ఎక్స్-మెన్, స్పైడర్‌మాన్ వంటి పాత్రల సినిమా హక్కులను వేర్వేరు స్టూడియోలకు ఇచ్చేసింది. 2000లో ‘ఎక్స్-మెన్’, 2002లో సామ్ రైమీ ‘స్పైడర్‌మాన్’ ఘనవిజయం సాధించాయి. కామిక్స్‌లో పీటర్ పార్కర్ సాలీడు దారాన్ని విడిచే యంత్రం తనే తయారు చేసుకుంటాడు. రైమీ సినిమాలో అది మణికట్టులోంచే వస్తుంది. 2004లో కామిక్స్ కూడా కొంతకాలం ఆ మార్పును స్వీకరించాయి. మిగిలిన పాత్రలను తాకట్టుపెట్టి తెచ్చిన అప్పుతో మార్వెల్ సొంతంగా తీసిన తొలి సినిమా 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’. ఆ మరుసటి ఏడాది డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనేసింది. ఒక సంచికలోని పాత్ర మరో సంచికలోకి వచ్చిపోయే కామిక్స్ అలవాటునే సినిమాలకు పట్టుకురావడం మార్వెల్ అసలైన అనుసరణ. విడివిడి కథలకంటే ఆ ప్రచురణ పద్ధతే తెరకెక్కింది. 2019 నాటి ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ఆ పద్ధతి పతాక సన్నివేశం. తరవాత వచ్చిన వాటిలో చాలా సినిమాలు వెనకటివి చూడనివాళ్లకు అర్థం కాకుండా పోవడం దాని నష్టం.

బ్యాట్‌మన్‌ను 1989లో టిమ్ బర్టన్ చీకటి వీధుల్లోకి తెచ్చాడు. 2008లో క్రిస్టఫర్ నోలన్ ‘ది డార్క్ నైట్’ పోలీసు కథలా తీసి పెద్దల గౌరవం సంపాదించాడు. 2005లో ‘సిన్ సిటీ’ మాత్రం కామిక్ పుటలనే ఫ్రేములుగా పరిచింది. మూలకర్త ఫ్రాంక్ మిల్లర్‌కు దర్శకత్వంలో పేరు ఇవ్వడానికి నిబంధనలు అడ్డొస్తే రాబర్ట్ రోడ్రిగెజ్ దర్శకుల సంఘానికే రాజీనామా చేశాడు.

ఇంగ్లండ్ రచయిత అలన్ మూర్ తన రచనల సినిమాలన్నిటికీ దూరంగా నిలిచాడు. ‘వి ఫర్ వెండెట్టా’, 2009 నాటి ‘వాచ్‌మెన్’ సినిమాల్లో ఆయన పేరు లేదు, చిత్రకారుల పేర్లే ఉన్నాయి. తన వాటా డబ్బు కూడా వాళ్లకే ఇమ్మన్నాడు. ‘వాచ్‌మెన్’ పుటలో తొమ్మిది గళ్ల చట్రం, ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకునే పాఠకుడి స్వేచ్ఛ కథలో భాగం. జాక్ స్నైడర్ బొమ్మలను అచ్చుగుద్దినట్టు తీశాడు గానీ ఆ స్వేచ్ఛను తేలేకపోయాడు. ఈ విషయంలో మూర్ వాదన బలమైనది.

జపాన్, కొరియా, చైనా

జపాన్‌లో మాంగా రచయితే దర్శకుడు కావడం కొన్ని గొప్ప సినిమాలకు దారితీసింది. హయావొ మియాజాకి ‘నౌసికా’ మాంగాను 1982లో మొదలుపెట్టి, కథ తొలి భాగంతోనే 1984లో సినిమా తీశాడు. మాంగా 1994లో గానీ ముగియలేదు. ముగింపులో అది సినిమా కంటే చాలా సంక్లిష్టమైన తాత్విక రచనగా తేలింది. ఆ సినిమా విజయం ఘిబ్లి స్టూడియో స్థాపనకు దారి వేసింది. కట్సుహిరో ఒటోమో ‘అకిరా’ 1988లో సినిమాగా వచ్చేనాటికి మాంగా ఇంకా నడుస్తోంది. దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2013లో తీసిన ‘స్నోపియర్సర్’ 1980ల నాటి ఫ్రెంచి కామిక్ ఆధారంగా వచ్చింది. మంచుయుగంలో ఆగకుండా తిరిగే రైలు అన్న ఊహ మాత్రం తీసుకుని, పాత్రలనూ సంఘటనలనూ కొత్తగా అల్లుకున్నాడు. చైనాలో ల్యూ సిషిన్ కథ నుంచి వచ్చిన ‘ది వాండరింగ్ ఎర్త్’ 2019లో భారీ వసూళ్లు సాధించింది.

రంగు, దేహం

ఉర్సులా లె గ్విన్ తన ‘ఎర్త్‌సీ’ నవలల్లో కథానాయకుడు గెడ్‌ను ఎర్రమట్టి ఛాయ మనిషిగా, అక్కడి జనంలో ఎక్కువమందిని నల్లని, గోధుమరంగు చర్మం గలవాళ్లుగా ఉద్దేశపూర్వకంగా రాసింది. 2004లో అమెరికన్ టీవీ వాళ్లు గెడ్‌ను తెల్లవాడిని చేశారు. ఆమె ఆ పనిని వ్యాసం రాసి ఖండించింది. పుటలో చర్మం రంగు ఒక వాక్యం, చదివేవాడు మరిచిపోవచ్చు. తెర మీద ప్రతి క్షణం కనిపిస్తుంది. అందుకే నటుల ఎంపిక ఈ అనుసరణల్లో రచనా నిర్ణయంతో సమానం. జపాన్ మాంగా ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ను 2017లో హాలీవుడ్ తీసినప్పుడు స్కార్లెట్ జొహాన్సన్ ఎంపిక మీదా ఇదే చర్చ రేగింది.

టీవీ ధారావాహికలు

2011-2019 మధ్య 73 భాగాలుగా వచ్చిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పెద్ద ఫాంటసీ నవలలకు రెండున్నర గంటల సినిమా తప్పనిసరి కాదని చూపించింది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఐదో పుస్తకం దగ్గర ఉండగానే ధారావాహిక ఆయన్ను దాటిపోయింది. రాయని పుస్తకాల ముగింపును తెర ముందే చెప్పేసింది.

భారతదేశం, తెలుగు

సత్యజిత్ రాయ్ 1969లో తాత ఉపేంద్రకిశోర్ రాసిన పిల్లల కథను ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’గా తీశాడు. తన సొంత కథ ‘బంకుబాబుర్ బంధు’లోని ఊహను పెంచి ‘ది ఏలియన్’ అనే స్క్రీన్‌ప్లే రాస్తే, హాలీవుడ్‌లో ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు.

తెలుగులో ఫాంటసీ అనుసరణ అంటే మొదట చెప్పుకోవలసింది జానపద చిత్రాలు. 1951లో విజయా సంస్థ తీసిన ‘పాతాళభైరవి’కి మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ ఒక ఆధారం. అల్లావుద్దీన్ కథ ఛాయలూ అందులో కనిపిస్తాయి. పింగళి నాగేంద్రరావు ఆ దినుసులతో తోటరాముడినీ నేపాళ మాంత్రికుడినీ మలిచాడు. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం ఆ మాయలకు రూపమిచ్చాయి. ఆ నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1947లో ‘చందమామ’ పత్రికను మొదలుపెట్టినవాళ్లే. బొమ్మల కథ, సినిమా ఒకే గూటిలో పెరిగిన అరుదైన సందర్భమిది.

కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశాడు. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ దీనికి ప్రేరణ. వెల్స్ యాత్రికుడు భవిష్యత్తులోకే ప్రయాణిస్తాడు. సింగీతం పాత్రలు ముందు 1526 నాటి విజయనగరానికి, తరవాత 2504కు వెళ్తాయి. యంత్రాన్ని మాత్రమే ఇంగ్లండ్ నుంచి తెచ్చుకుని, తెలుగువాళ్లు ఎప్పుడైనా వెళ్లాలనుకునే చోటికి, కృష్ణదేవరాయల కొలువుకు, దాన్ని నడిపించడమే ఆ సినిమా బలం. వారపత్రికల సీరియల్ నవలలు విరివిగా సినిమాలైన 1970, 80ల్లో కుటుంబ కథలకు, నేర కథలకు దక్కిన ఆదరణ తెలుగు సైన్స్ ఫిక్షన్ రచనలకు తెర మీద దక్కలేదు. 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ కూడా నవల మీద ఆధారపడలేదు. నాగ్ అశ్విన్ భారతంలోని అశ్వత్థామను, పురాణాల కల్కిని తీసుకుని భవిష్యత్తులో కథ అల్లుకున్నాడు.

విదేశీ అనుసరణలు ఇక్కడికి తెలుగు గొంతులతో వస్తున్నాయి. 2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’లో థానోస్‌కు తెలుగులో రానా దగ్గుబాటి గొంతు ఇచ్చాడు. యాన్ మార్టెల్ నవల నుంచి ఆంగ్ లీ తీసిన ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లో స్టూడియో ఉండేది. పులినీ సముద్రాన్నీ సృష్టించిన పనిలో కొంత ఇక్కడి కళాకారులు చేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, అవార్డుకు కొద్ది రోజుల ముందే, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది.